పాత పికప్పా, కొత్త పికప్పా: మీ కిరాయికి ఏది నమ్మకమో తేల్చుకోవడం ఎలా

"పాత బొలేరో అయితే కళ్ళు మూసుకుని పదిహేనేళ్ళు తోలుకోవచ్చు, ఈ బీఎస్6 బళ్ళు సెన్సార్ల పుట్టలు" అనే మాట ఏ మార్కెట్ యార్డు దగ్గర నిలబడినా వినిపిస్తుంది. (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి వదిలే పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. అంకె పెరిగేకొద్దీ పరిమితి బిగుస్తుంది.) షోరూముకెళితే సరిగ్గా దీనికి తలకిందులుగా చెబుతారు. నిజానికి ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడటం లేదు. పాత బండి తరచూ ఏదో ఒక ఖర్చు పెడుతుంది, కానీ చాలాసార్లు ఈడ్చుకుంటూనైనా ఇంటికి చేరుస్తుంది. కొత్త బండి అంత తరచుగా ఇబ్బంది పెట్టదు. పెట్టిన రోజు మాత్రం రోడ్డు పక్క మెకానిక్ చేయగలిగేది తక్కువ, బండి కంప్యూటర్‌లో తప్పు ఎక్కడుందో చదివే స్కానర్ కావాలి, ఒక్కోసారి లాక్కెళ్ళడానికి ఇంకో బండి కావాలి.

ఈ రెండు తలనొప్పుల్లో మీకు ఏది తక్కువ నష్టమో మీ పనిని బట్టి తేలుతుంది. ఆ తేల్చుకోవడం ఎలాగో వరుసగా చెబుతాను. సరుకు మోసే బొలేరో పికప్, టాటా ఏస్, ఇంట్రా, దోస్త్ లాంటి బళ్ళ గురించే ఇందులో ఎక్కువ ఉంటుంది.

1. బండి ఏ తరానిదో చూడండి

"పాతది" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు రకాల బళ్ళు కలిసిపోతున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

2017 మార్చి దాకా మన జిల్లాల్లో అమ్ముడైనవి ఎక్కువగా బీఎస్3. వీటిలో చాలావాటికి డీజిల్ పంపు మెకానికల్. టాటా ఏస్ 2005 మేలో వచ్చినప్పుడు దానిది 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజన్. టర్బో లేదు, కామన్ రైల్ లేదు. పంపు, నాజిళ్ళు, ఫిల్టరు, సెల్ఫ్, డైనమో తెలిసిన మెకానిక్ ఎవరైనా దాన్ని విప్పి బిగించగలడు.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4. బొలేరో పికప్ 2523 సీసీ ఇంజన్‌కు కామన్ రైల్ ఉన్నది ఈ తరం నుంచి చూస్తాం. అంటే ఇంజెక్టర్లను కంప్యూటర్ నడుపుతుంది, వాటన్నిటికీ డీజిల్ అందించే రైల్ అనే గొట్టంలో ఒత్తిడి వెయ్యి బార్ పైనే ఉంటుంది. అయితే సైలెన్సర్ లైన్లో మసి ఫిల్టర్, యూరియా ట్యాంకు లాంటివి ఈ తరం చిన్న బళ్ళకు సాధారణంగా లేవు. హైదరాబాద్‌లో మాత్రం బీఎస్4 2010లోనే వచ్చింది. కాబట్టి 2014 హైదరాబాద్ బండి బీఎస్4 అయి ఉండొచ్చు, 2016 ఖమ్మం బండి బీఎస్3 అయి ఉండొచ్చు. ఏడాది చూసి ఊహించకండి, ఆర్‌సీ వివరాల్లో కాలుష్య ప్రమాణం ఏదో చూడండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6, మధ్యలో బీఎస్5 వదిలేశారు. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ. ఇందులో బండి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు వదిలే పొగకు కూడా పరిమితి ఉంది, అందుకే సెన్సార్ల కాపలా ఇంకా పెరిగింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది 2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి మధ్య బీఎస్4 బండినే. బీఎస్3 కన్నా లాగుడు, మైలేజీ మెరుగు. బీఎస్6లో ఉన్న సైలెన్సర్ గొడవ లేదు. అయితే తయారైన నెల కూడా చూడండి. అమ్మకం ఆగిపోయిన బీఎస్3 లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్4గా రిజిస్టర్ చేయించి తెచ్చారన్న కేసు 2020లో అనంతపురం జిల్లాను కుదిపేసింది. దూర రాష్ట్రం ఎన్‌ఓసీతో వచ్చిన బండి అయితే ఛాసిస్ నంబరుతో కంపెనీ డీలర్ దగ్గర విచారించి గానీ అడ్వాన్సు ఇవ్వకండి.

2. ఒక నెల పాటు మీ తిరుగుడు రాసుకోండి

అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది, అందరూ వదిలేసేదీ ఇదే. చిన్న నోటు పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయండి: మొత్తం కిలోమీటర్లు, ఒక్కో ట్రిప్పు దూరం, మోసిన బరువు, ఇంజన్ ఆపకుండా ఎంతసేపు నిలబెట్టారు.

ఎందుకంటే, బీఎస్6 డీజిల్ బళ్ళలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే మసిని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసి కాలిపోవాలంటే లోపల వేడి 550, 600 డిగ్రీల దాకా చేరాలి. హైవే మీద లోడుతో గంట సేపు ఒకే వేగంతో వెళితే పొగ గొట్టం బాగా వేడెక్కుతుంది, మసి పేరుకోదు, పేరుకున్నది కాల్చడం కూడా బండికి తేలిక. మూడు కిలోమీటర్లకోసారి ఆగుతూ, సగం సేపు ఐడిల్‌లో ఉంటే వేడి ఎక్కదు. అప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ పోసి కాల్చడానికి చూస్తుంది. అది పూర్తయ్యేలోగా మీరు తాళం తీసేస్తారు. మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆపేస్తారు. ఇలా కొన్నాళ్ళు జరిగితే జల్లెడ మూసుకుపోతుంది, బండి వేగం తగ్గించేస్తుంది. పైగా కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. గేజ్ పుల్ల మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అది సంతోషించే విషయం కాదు.

కాబట్టి మదనపల్లె నుంచి చెన్నైకి టమోటా తోలేవాళ్ళకు, గుంటూరు యార్డు నుంచి మిర్చి దూర ప్రాంతాలకు తీసుకెళ్ళేవాళ్ళకు బీఎస్6 డీజిల్ బాగా పనికొస్తుంది. వాళ్ళ దగ్గర ఈ ఫిర్యాదులు తక్కువ వినిపించడానికి కారణం అదే. పొద్దున్నే ఊరూరా ఆగి పాలు పోయించుకునే బండికి, సిటీలో గ్యాస్ సిలిండర్లు, వాటర్ క్యాన్లు దింపే బండికి బీఎస్6 డీజిల్ సరిపడదు. ఇలాంటి పనికి కొత్త బండే కావాలంటే పెట్రోల్ గానీ, మీ ఊళ్ళో బంకు ఉంటే సీఎన్‌జీ గానీ చూడండి. వాటికి ఈ మసి జల్లెడ బాధ లేదు. రోజూ తిరిగే దారి ఒకటే, రాత్రికి ఇంటి దగ్గరే ఉంటుంది అంటే 2022లో వచ్చిన ఏస్ ఈవీ లాంటివీ లెక్కలోకి తీసుకోవచ్చు.

పాడేరు, అరకు, శ్రీశైలం ఘాట్లలో రోజూ తిరిగేవాళ్ళు టర్బో లేని పాత బండి జోలికి వెళ్ళకపోవడం మంచిది, లోడుతో ఎత్తు ఎక్కడానికి దాని లాగుడు చాలదు.

3. మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు?

మీ ఊరి నుంచి 50 కిలోమీటర్ల లోపు ఎవరెవరు ఉన్నారో విచారించండి. కంపెనీ సర్వీస్ సెంటర్ ఒకటి, దాంతోపాటు స్కానర్ ఉన్న బయటి మెకానిక్ కనీసం ఒకడు ఉండాలి. రెండోవాడు లేకపోతే సెన్సార్ కేబుల్ ఒకటి ఊడినా మీరు సర్వీస్ సెంటర్ క్యూలో నిలబడాల్సిందే. స్కానర్ ఉన్నంతమాత్రాన సరిపోదు, అందులో వచ్చిన కోడ్‌ను చూసి కారణం వెతికేవాడు కావాలి. కోడ్ పేరు చదివి నేరుగా సెన్సార్ మార్చేయమనే వాళ్ళే ఎక్కువ. ముందు వైరింగ్ చూడమనండి. మన దగ్గర పాడైన సెన్సార్లే కాదు, ఎలుకలు కొరికిన తీగలు, నీళ్ళు దిగిన కనెక్టర్లు కూడా తక్కువేం కాదు.

బండి దగ్గర్లో తయారవడానికీ, దగ్గర్లో రిపేరు కావడానికీ సంబంధం లేదు. ఇసుజు డీ-మ్యాక్స్ తయారయ్యేది శ్రీసిటీలోనే, 2016లో ఫ్యాక్టరీ మొదలైంది. అయినా సరే, మీ జిల్లాలో సర్వీస్ ఉందా అన్నది విడిగా అడగాల్సిందే.

4. పాత బండి చూసేటప్పుడు

ముందే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. చల్లటి ఇంజన్ ఒకటి రెండు తిప్పుల్లో అందుకోవాలి.

స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే, నీళ్ళు కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్ అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్ల పొగ దట్టంగా వస్తే నాజిళ్ళో, పంపో, గాలి ఫిల్టరో. వీటిలో నల్ల పొగ చౌకగా తేలొచ్చు, నీలం పొగ తేలదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అందులోంచి పొగ బుసబుసమని కొడుతుంటే సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చినట్టే. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి, లేదా లేచి వచ్చేయాలి. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయండి. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించకూడదు.

తర్వాత కిందికి దూరండి. ఇంజన్ కన్నా నేను ఎక్కువ భయపడేది ఛాసిస్‌కే. ఇంజన్ విప్పి చేయించుకోవచ్చు, పగిలిన ఛాసిస్‌ను ఎన్నిసార్లు వెల్డింగ్ చేయించినా లోడు పడితే ఆ పక్కన మళ్ళీ చీలుతుంది. కమాను పట్టీలు బిగించే చోట్ల, క్యాబిన్ వెనకాల వెల్డింగ్ మచ్చలు, పైన కొత్తగా పూసిన నల్ల పెయింట్ ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. కమాను పట్టీలు ఎక్స్‌ట్రా వేసి ఉంటే ఆ బండి జీవితమంతా ఓవర్‌లోడే మోసిందని అర్థం. ఇసుక, గ్రానైట్, కంకర తోలిన బళ్ళ దగ్గర ఇది మామూలు.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసిన బళ్ళది వేరే కథ. ఐసు కరిగిన నీళ్ళు, ఉప్పు కలిసి రోజూ కిందికి కారుతుంటాయి. పైన పెయింటు నిగనిగలాడుతుంది, లోపల తుప్పు తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ వెనక వైపుతో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్ళండి, గుల్ల శబ్దం వచ్చిన చోట ఆగి గీకి చూడండి. అమ్మేవాడు మొహం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి.

చివరగా నడిపి చూడండి. వీలైతే ఖాళీగా కాకుండా కొంచెం లోడుతో. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక ఇరుసులోని క్రౌన్ గేరు ఊళ పెడుతుందా, మూడో గేరు దానంతటదే జారిపోతోందా, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా. ముందు టైర్లు ఒక అంచునే అరిగి ఉంటే స్టీరింగ్ వైపు పని ఉంది.

5. సెకండ్ హ్యాండ్ బీఎస్6 అయితే

పైవన్నీ చూడాలి, వాటితోపాటు ఇవి కూడా. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో కావాలనే మూసేసి ఉండొచ్చు.

పొగ గొట్టం చల్లగా ఉన్నప్పుడు లోపల వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ సరిగ్గా ఉన్న బండిలో గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లగా మసి అంటుకుంటే జల్లెడ పగిలిపోయి ఉండాలి, లేదా కోసి లోపల ఖాళీ చేసి మళ్ళీ అతికించి ఉండాలి. డబ్బా మీద వెల్డింగ్ గీత ఉందేమో చూస్తే తెలుస్తుంది. "తీసేశాం అన్నా, ఇక ప్రాబ్లమే ఉండదు" అని గొప్పగా చెప్పేవాళ్ళు ఉన్నారు. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది, ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు తంటా మీది అవుతుంది.

స్కానర్ పెట్టించకుండా బీఎస్6 బండి కొనకండి. పాత కోడ్‌లు, రైల్ ఒత్తిడి, ఒక్కో ఇంజెక్టర్ సవరణ ఎంత, డీపీఎఫ్‌లో మసి ఎంత అనేవి చూపించమనండి. కోడ్‌లు అన్నీ ఆ రోజు పొద్దున్నే చెరిపేసి ఉంటే, 30 కిలోమీటర్లు తిప్పి మళ్ళీ పెట్టించండి.

6. కొత్తదే తీసుకుంటే

కొత్తగా వచ్చిన ఇంజన్ మోడల్‌ను మొదటి ఏడాదే కొనొద్దన్న పాత సలహా ఇంకా చెల్లుతుంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మన వాళ్ళు ఇంటికో ట్రక్కు కొంటున్నారు కాబట్టి అక్కడి సంగతి కూడా చెబుతాను. నమ్మకానికి మారుపేరనుకునే టొయోటా, టండ్రా అనే పికప్‌కి పాత వీ8 ఇంజన్ తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టింది. 2022, 2023 మోడళ్ళ ఇంజన్లలో తయారీ నాటి లోహపు రజను మిగిలిపోయిందని 2024 మేలో దాదాపు లక్ష బళ్ళను రీకాల్ చేసింది. జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఉన్న దాదాపు 6 లక్షల పికప్పులు, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది, క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలే కారణం. రెండింట్లోనూ తప్పు సెన్సార్లది కాదు, ఇనుప పనిది. ఇక్కడైనా అక్కడైనా, కొనేముందు ఛాసిస్ నంబరు చెప్పి రీకాల్ ఏమైనా పెండింగ్ ఉందా అని డీలర్‌ను అడగండి.

బండి ఇంటికొచ్చాక నమ్మకం సగం మీ చేతుల్లోనే ఉంటుంది.

డీజిల్ దగ్గర పిసినారితనం వద్దు. అమ్మకం బాగా ఉన్న బంకులోనే కొట్టించండి, డబ్బాల్లో అమ్మేది పోయకండి. మెకానికల్ పంపు నీటి చుక్కను కొంత ఓర్చుకునేది, కామన్ రైల్ ఇంజెక్టర్ ఓర్చుకోదు. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది. వానాకాలంలో తరచుగా వదలండి. ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా తోలడం మానండి, ఆ పంపుకు కందెన డీజిలే.

డీపీఎఫ్ లైటు వెలిగితే బండి ఆపకండి. యజమాని పుస్తకంలో రాసిన వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు హైవే మీద ఆగకుండా తోలండి, చాలాసార్లు ఆరిపోతుంది. ఆరకపోయినా, మెరవడం మొదలుపెట్టినా నేరుగా వర్క్‌షాపుకే. మసి కాలేటప్పుడు పొగ గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. ఎండు గడ్డి మీద, వరిగడ్డి వాముల పక్కన ఆ టైములో బండి నిలపకండి.

కొన్ని బళ్ళకు పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోయాలి, డ్రైవర్లు యూరియా అంటారు. అందులో ఉండేది 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. ఎరువుల కొట్లో యూరియా తెచ్చి బిందెలో కలిపి పోసేవాళ్ళు నిజంగానే ఉన్నారు. మన పొలాల యూరియాకి వేప పూత ఉంటుంది, బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. రెండూ కలిసి పొగ గొట్టంలో ఉండే ఖరీదైన క్యాటలిస్టును పాడుచేస్తాయి. సీల్ ఉన్న డబ్బానే కొనండి, ఎండలో నిల్వ పెట్టకండి. నిల్వ ఉన్న చోట వేడి 35 డిగ్రీలుంటే ఆరు నెలలకు మించి నమ్మలేం.

బాడీ కట్టించేటప్పుడు, కోళ్ళ పంజరం వేయించేటప్పుడు వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పించండి. ఆర్క్ వెల్డింగ్ కరెంటు కంప్యూటర్‌కి వెళితే ఆ బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. ఎల్‌ఈడీ లైట్లు, పాటల బాక్సుల కోసం అసలు వైరింగ్‌ను మధ్యలో కోయనివ్వకండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ ఇంజన్ కనెక్టర్ల మీదికి పట్టొద్దని చెప్పండి. ఆయిల్ మాత్రం పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. డీపీఎఫ్ ఉన్న ఇంజన్‌కి బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి, మామూలు లారీ ఆయిల్ పోస్తే ఆ బూడిద జల్లెడలోనే ఉండిపోతుంది. మసిలా అది కాలి పోదు.

7. ఆగిన రోజుల లెక్క, కాగితాలు

రిపేరు బిల్లులు పోల్చుకుంటే పాత బండే గెలిచినట్టు కనిపిస్తుంది. బండి ఆగిన రోజులు కూడా కలపండి: పోయిన కిరాయి, సరుకు పాడైతే ఇచ్చిన డబ్బు, మాటపోయి చేజారిన పార్టీ. మరో పక్క కొత్త బండికి కిరాయి లేని నెలలో కూడా కిస్తీ కట్టాలి. ఏడాదిలో ఆరు నెలలే పని ఉండే సీజన్ కిరాయి మీదైతే, కిస్తీ లేని బీఎస్4 బండి ఒకటి రెండుసార్లు వర్క్‌షాపుకు వెళ్ళినా మీకే లాభం. రోజూ ఒప్పంద కిరాయి ఉంటే, సమయానికి చేరకపోతే జరిమానా ఉంటే, కొత్తదానికే వెళ్ళండి.

రవాణా బండికి 8 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్ళు దాటిన వాటి ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. పన్నెండు, పదమూడేళ్ళ బండి బేరం చేసేటప్పుడు ఈ ఖర్చు కూడా చూపించి తగ్గించమనండి.

బేరం కుదిరితే పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ తీరిపోయి ఉంటే ఫారం 35, ఆంధ్ర బండి తెలంగాణకో, తెలంగాణ బండి ఆంధ్రకో వస్తుంటే ఫారం 28 ఎన్‌ఓసీ తీసుకోండి. చలాన్లు, రోడ్డు టాక్సు బాకీలు ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించాలి. బండి ఇంటికి తెచ్చిన వారంలోనే ఆయిల్, డీజిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్ మూడూ మార్పించండి, మునుపటి ఓనరు మొన్ననే మార్పించానని ఎంత చెప్పినా సరే.